ముడిచిన చెయ్యి

పోయిన వారం మనం డాక్టర్ ప్రణతిని వదిలి వచ్చినప్పుడు ఆమె చేతిలో సిరంజి ఉంది, నోట్లో మాట లేదు. ఏడో నెల నిండకుండానే పుట్టిన ఖానాపూర్ పసివాడి గుండె ఉన్నట్టుండి నెమ్మదించి ఆగిపోవడానికి సిద్ధమైతే, రొమ్ము ఎముక కింద సూది గుచ్చి, గుండె చుట్టూ చేరిన నీటిని లాగింది. వచ్చింది నెత్తురు కాదు, పాలలాంటి తెల్లటి ద్రవం. చేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా పంపిన సన్నటి గొట్టంలో వాడికి ఎక్కిస్తున్న ఆహారమే అది. గొట్టం కొస గుండె లోపలికి జారి, గోడను ఒరుసుకుంటూ ఉంటే, ఎక్కించినదంతా గుండె చుట్టూ ఉండే సంచిలోకి ఊరింది. గొట్టం తీసేశారు. పిల్లవాడు బతికాడు.

బతికాక అసలు చిక్కు మొదలైంది. మస్కట్‌లో పని చేస్తున్న తండ్రి కరుణాకర్ వీడియో కాల్‌లో ఏమైందని అడిగాడు. ప్రణతి భర్త, ఆసుపత్రి యజమాని విద్యాధర్ చల్లగా జవాబిచ్చాడు, ఎత్తుకున్నప్పుడు ఆ గొట్టం కదిలినట్టుందని. ఎత్తుకున్నది ఎవరో అందరికీ తెలుసు. పిల్లవాడి నాయనమ్మ యాదవ్వ అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కాదనడానికి ప్రణతికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమె ఫోను వంక చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకున్న నోరు ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఇక ఈ వారం సంగతి.

కరీంనగర్‌లో ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం, ఓపీలో చివరి పిల్లవాడికి దగ్గు మందు రాసి పంపి, ప్రణతి చేతులు కడుక్కుంటూ ఉంటే సిస్టర్ నర్మద వచ్చి నిలబడింది. ఖానాపూర్ అవ్వ పిల్లవాణ్ణి ఎత్తుకోనంటున్నదని చెప్పింది. పొద్దుటి నుంచి బతిమాలుతున్నా లోపలికే రావడం లేదట.

నెలలు నిండని పిల్లలకు వెచ్చటి అద్దాల పెట్టెలో వేడి కన్నా మనిషి ఎద మీది వేడి మేలు. తల్లి కోమలకు కాన్పు ముందు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఇప్పటికీ మంచం దిగితే కళ్లు తిరిగి పడిపోతోంది. అందుకే మొదట్లో ప్రణతే యాదవ్వను పిలిచి, "నువ్వే ఎదకు కట్టుకో అవ్వా, నీ వేడికే పెరుగుతడు" అంది. ఆ ముసలామె మొహం ఆ మాటకు ఎలా విప్పారిందో ప్రణతికి బాగా గుర్తు. గుర్తుండకపోతే బాగుండునని ఈ మధ్య చాలాసార్లు అనుకుంది. గుండె చుట్టూ మళ్లీ నీరు చేరలేదని స్కాన్‌లో తేలింది కాబట్టి, ఇక ఎత్తుకోవచ్చని ఆమే ఈ పొద్దున రౌండ్స్‌లో చెప్పింది. చెప్పడం సులువే. ఎత్తుకోవాల్సిన మనిషి మెట్ల మీద కూర్చుని ఉంది.

యాదవ్వ చేతిలో స్టీలు గిన్నె ఉంది. కోమల పిండి ఇచ్చిన పాలు. మూత పెట్టిన ఆ గిన్నెను కొంగుతో గట్టిగా చుట్టి పట్టుకుంది. కాలుతోందేమోనని ప్రణతి ముట్టుకుని చూసింది. గిన్నె చల్లగానే ఉంది.

"నా చేతులు మంచియి కావు బిడ్డా," అంది యాదవ్వ, అడగకముందే. "వాడు తాగేటియి కదా. గందుకే కొంగుతోని పట్టుకున్న."

ప్రణతి ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది. డాక్టరమ్మ మెట్ల మీద కూర్చోవడం చూసి దారిన పోయే ఆయా ఒకామె తత్తరపడి పక్కకు తప్పుకుంది. ఏమైందవ్వా, ఎందుకట్ల అంటవు అని అడిగింది ప్రణతి. ఎందుకో తెలిసి అడగడం కన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా? అయినా అడిగింది.

యాదవ్వ చెప్పుకొచ్చింది, ఎవరో నిలదీస్తుంటే ఒప్పుకుంటున్నట్టు. "గా దినం నువ్వు నా ఎద మీద పండవెట్టినవు. వాని చెయ్యి బయటికి చాపి ఉండె. పిలగాడు ఊకె ఉలికి ఉలికి పడుతుండె. మా దిక్కు పుట్టిన పిల్లలను చేతులు ముడిచి సుడతరు బిడ్డా, కడుపుల ఎట్లుంటరో గట్ల. అప్పుడు ఉలికిపడరు. కరుణాకర్‌ను గట్లనే సుట్టిన, వాని చెల్లెను గట్లనే సుట్టిన. చేతికి సూది ఉన్న సంగతి తెలుసు. జర పైలంగనే ముడిచి గుడ్డల వెట్టిన. మంచిగ పన్నడు. నేను మురిసిన. గంతల్నే వాని పెయ్యి, కాళ్లు చేతులు అన్ని సల్లగైనయి."

ముడవొద్దని ఎవరన్నా చెప్పే ఉంటారని, ముసలి చెవులకు వినబడి ఉండదని కూడా అంది. తన తప్పుకు తానే సాక్ష్యాలు వెతుక్కుంటోంది. నిజానికి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి పక్కనే కూర్చుని గోళ్లు చూసుకుంటోంది.

యాదవ్వ సంచి సర్దేసుకుంది. సాయంత్రం జగిత్యాల బస్సు ఎక్కి ఊరికి పోతానంది. కోమల వాళ్లవ్వ వస్తుందట, ఆమే చూసుకుంటుందట. కొడుకు మస్కట్ నుంచి ఫోను చేసి, వాణ్ణి నువ్వు ముట్టకు అవ్వా అన్నాడట. కోపంగా కూడా కాదు, ఏడుస్తూ అన్నాడట. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. కోమల అయితే ఆ రోజు నుంచి అత్తతో మాట్లాడటమే మానేసింది.

"పిలగాడు దక్కితే బాసరల అక్షరాలు దిద్దిపిస్తనని మొక్కిన," అంది చివరికి. "గప్పుడు నన్ను జర దూరం నిలబెట్టున్రి, కండ్ల చూస్తె చాలు అని కోమలతోని చెప్పిన. సప్పుడు చెయ్యలే."

ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తానని చెప్పి ప్రణతి లేచింది. నిజం చెప్పాలంటే పారిపోయింది.

ఆమెకు తెలిసిన సంగతి ఇది. గొట్టం వేశాక అది ఎక్కడి దాకా పోయిందో చూడటానికి ఎక్స్‌రే తీస్తారు. బొమ్మ స్పష్టంగా రావాలని సిస్టర్ పిల్లవాడి చేతిని బారుగా చాపి పట్టుకుంటుంది. ఆ రోజూ అలాగే పట్టుకుంది. కొస గుండె గుమ్మం దగ్గర ఉంది. బాగానే ఉంది కదా అనుకుంది ప్రణతి. కానీ లోకంలో ఏ పసివాడూ చెయ్యి చాపుకుని పడి ఉండడు. ముడుచుకుంటాడు. ముడిస్తే ఆ కొస ఇంకొంచెం లోపలికి జారుతుంది. అందుకే చెయ్యి ముడిచి కూడా చూడాలి, ఎక్కువ లోపలికి పోతుంటే గొట్టాన్ని ఆ మేరకు వెనక్కి లాగాలి. ఇది ఆమెకు తెలియని పాఠం కాదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో జూనియర్లను వరుసగా నిలబెట్టి తానే చెప్పిన పాఠం. ఇక్కడికి వచ్చాక పని ఒత్తిడిలో అందరూ చాపే తీస్తుంటే, ఆమె కూడా చాపిందే చూడటం మొదలుపెట్టింది. మొదట తొందరలో ఒకసారి, తర్వాత ఇంకోసారి, ఆ తర్వాత అదే పద్ధతి అయిపోయింది. చెయ్యి ముడిచింది యాదవ్వే. కానీ ఆమె ముడవకపోతే పిల్లవాడే ముడుచుకునేవాడు.

విద్యాధర్ తన గదిలో పెరుగన్నం తింటున్నాడు. ప్రణతిని చూసి ఇంకో గిన్నె ముందుకు జరిపాడు. విద్యాధర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ రాయడం నాకెంత తేలికయ్యేదో. పేదవాళ్లు వస్తే గదమాయించడు, పిల్లలంటే ప్రాణం, భార్య తనకన్నా తెలివైనదని నలుగురిలో చెప్పుకుంటాడు. అతనికి ఉన్న జబ్బల్లా ఒకటే. ఏ గొడవైనా పైన గుడ్డ కప్పితే సద్దుమణుగుతుందని నమ్ముతాడు.

ఆమె మెట్ల మీద విన్నదంతా చెప్పింది. అవ్వకు నిజం చెప్పేస్తానంది.

"నేను అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు అతను నెమ్మదిగా. "ఎత్తుకున్నప్పుడే కదిలింది. చెయ్యి ముడిచినందుకే కదిలింది. ఆమె కూడా గదే చెప్తున్నది కదా."

"ముడుస్తదని మనకు తెల్వదా? ముడవని పిల్లగాడు ఉంటడా? మనం చూసుకోవాలె విద్యా. నేను చూసుకోవాలె. నేను చూడలే."

అతను చెంచా పక్కన పెట్టాడు. చాలాసేపు నచ్చజెప్పాడు. నిజం చెబితే అది ఆ గదిలో ఆగదని, మస్కట్ దాకా పోయి అక్కడి నుంచి ఖానాపూర్ చుట్టుపక్కల ప్రతి ఫోనులోకీ వస్తుందని, రేపు పానం మీదికి వచ్చిన పిల్లను కూడా ఇక్కడికి తేవడానికి జనం భయపడతారని అన్నాడు. అలా భయపడి దూరం పోయేవాళ్లలో దారిలోనే పోయే పిల్లలు ఉండరా అని అడిగాడు. ఇది ఉత్త బుకాయింపు అయితే ప్రణతి కొట్టిపారేసేది. అందులో నిజం ఉండటమే ఇబ్బంది.

"పిల్లగాడు బతికిండు ప్రణతీ. బతికిచ్చింది నువ్వే," అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అతను మాత్రం మెచ్చుకోలుగానే అన్నాడు. తర్వాత ఒక దారి కూడా చూపించాడు. ఎవరి తప్పూ లేదు, అప్పుడప్పుడు ఇట్లయితదని చెప్పు. ముసలామె మనసు కుదుటపడుతుంది, మన గడప దాటి ఏమీ పోదు.

ఆ దారి ప్రణతికి నచ్చింది. నచ్చినందుకు మనమూ ఆమెను మరీ తిట్టుకోనక్కర్లేదు, మనలో ఎంతమందికి నచ్చదు గనక. గది బయటికి వచ్చేసరికి ఆమె నడకలో కాస్త బలం వచ్చింది.

యాదవ్వను వెంటబెట్టుకుని కోమల గదికి వెళ్లింది. కోమల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అత్త అడుగుల చప్పుడు విని కూడా ఇటు తిరగలేదు. యాదవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది, గిన్నె కొంగులోనే ఉంది. ప్రణతి గొంతు సవరించుకుని, పెట్టెలో ఉండే పిల్లలకు అప్పుడప్పుడు ఇట్లాంటివి అయితయని, ఇందులో అవ్వ తప్పు లేదని, అసలు ఎవరి తప్పూ లేదని చెప్పింది. చక్కగా, మెత్తగా చెప్పింది. తన మాటలు తనకే ఎవరో అరువిచ్చినట్టు వినిపించాయి.

యాదవ్వ మొహం తేటపడలేదు. "ఎవల తప్పు కాకుంటే, ఎత్తుకున్నప్పుడు కదిలింది అని సారు నా కొడుకుతోని ఎందుకు చెప్పిండు బిడ్డా?" అని అడిగింది. నిలదీయడం కాదు, నిజంగానే తెలియక అడిగింది.

కోమల మెల్లగా ఇటు తిరిగింది. మొహం ఇంకా ఉబ్బే ఉంది. కళ్ల కింద నలుపు.

"మేడం, మా అత్తమ్మ మనసు కోసం చెప్తున్నరా, లేకుంటే నిజమేనా?" అంది. "నాకు జర సాఫ్ చెప్పున్రి. నేను లేవలేకపోతున్న. రేపటిసంది నా కొడుకును ఆమె చేతిల పెట్టాల్నా, వద్దా?"

ఇక తప్పించుకునే సందు లేదు. ఎవరి తప్పూ లేదన్న మాట ముసలామెకు ఓదార్పుగా పనికొస్తుందేమో గానీ, ఈ తల్లి ప్రశ్నకు జవాబుగా పనికిరాదు. ఆమెకు కావాల్సింది ఓదార్పు కాదు. కొడుకును ఎవరి చేతిలో పెట్టాలో తెలియాలి. ప్రణతి కుర్చీ లాక్కుని ఇద్దరికీ కనబడేలా కూర్చుంది. తన కుడిచెయ్యి బారుగా చాపింది.

"గొట్టం ఇక్కడ వేసిన," అని మోచేతి మడత చూపించి, వేలితో భుజం మీదుగా గుండె దాకా గీసింది. "చెయ్యి ఇట్ల చాపి ఫొటో తీసినం. ఇట్ల ఉన్నప్పుడు కొస మంచి జాగల్నే ఉండె. ఇగ చూడున్రి." చెయ్యి ముడిచింది. "ఇట్ల ముడిస్తే అది లోపలికి పోతది. పోతదని నాకు తెలుసు. ముడిచి సుత ఒకసారి చూడాలె. నేను చూడలే. అవ్వ ముడవకున్నా ఆ రాత్రికో తెల్లారికో వాడే ముడుచుకుంటుండె. తప్పు అవ్వది కాదు కోమలా. నాది."

ప్రణతికి మొహం ఎత్తాలంటే భయమేసింది. వాళ్లు అరుస్తారనుకుంది. అరిస్తే తేలికగా ఉండేది.

కోమల ఆమె ముడిచిన చెయ్యి వైపు చూసింది. తర్వాత అత్త వైపు చూసింది. క్షమించమని అడగలేదు. అలాంటి మాటలు ఆ అత్తాకోడళ్ల మధ్య ఎప్పుడూ నడిచినవి కావు. "అత్తమ్మా, ఆ గిన్నె కొంగుల కెల్లి తియ్యి," అంది. అని, కళ్ల మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

యాదవ్వ గిన్నె బల్ల మీద పెట్టింది. ప్రణతి దగ్గరికి వచ్చి నిలబడింది.

"గీ మాట గా దినమే ఎందుకు చెప్పలే బిడ్డా?"

"భయపడ్డ అవ్వా."

"నేను మనుమన్ని చంపుకుంటి అనుకున్న," అంది యాదవ్వ. గొంతు పెంచలేదు. "గప్పటిసంది తినబుద్ధి కాలే, పండబుద్ధి కాలే. నా కొడుకు ముంగట తల ఎత్తలే. నువ్వు రోజు నా ముంగటికెల్లే పోయినవు. మంచిగున్నవా అవ్వా అని మందలిచ్చి పోయినవు."

రోజూ ఆగి పలకరించినందుకు తనలో ఇంకా మంచితనం మిగిలే ఉందని ప్రణతి ఇన్నాళ్లూ లోలోపల అనుకునేది. ఇప్పుడు ఆ పలకరింపే అన్నిటికన్నా నీచంగా తోచింది. కరుణాకర్‌తో కూడా తానే మాట్లాడతానంది. ఇప్పుడే ఫోను కలపమంది. డ్యూటీలో ఉంటాడని, పొద్దుగూకినంక చేయమని కోమల చెప్పింది. మోచెయ్యి తీయకుండానే చెప్పింది.

జగిత్యాల బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి యాదవ్వ తనంతట తానే పిల్లల వార్డు దగ్గర సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడిగింది. నర్మద ఇచ్చిన గౌను తొడుక్కుని కుర్చీలో వెనక్కి వాలింది. ప్రణతి స్వయంగా పెట్టె తెరిచి, ముక్కుకు ఉన్న ఆక్సిజన్ ట్యూబు సరిచేస్తూ, పిల్లవాణ్ణి ఆమె ఎద మీద బోర్లా పడుకోబెట్టింది. వాడి తల కమలాపండంత ఉంది. యాదవ్వ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. చెయ్యి ఎట్ల పెట్టాలె, చాపాల్నా అని అడిగింది.

"ఇప్పుడు చేతికి గొట్టం లేదు అవ్వా. నీకెట్ల తెలిస్తే గట్ల పెట్టు."

యాదవ్వ వేలి కొసలతో ఆ చిన్న చేతిని ముడిచి, వాడి చెంప కిందికి చేర్చి, గుడ్డ కప్పింది. పిల్లవాడు ఒకసారి మూలిగి నిద్రలోకి జారాడు. పైన మానిటర్‌లో గుండె గీత ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. ప్రణతి ఆ గీతనే చూస్తూ నిలబడింది. చెప్పేశాను అనుకుంది. సాయంత్రం కరుణాకర్ ఏమంటాడో, రాత్రి ఇంట్లో విద్యాధర్ ఏమంటాడో, అవి తర్వాత. మనసు మీంచి ఏదో దిగినట్టే ఉంది. రేపటి నుంచి ప్రతి పిల్లకూ చెయ్యి ముడిచి కూడా చూడాలని నర్మదతో చెప్పాలనుకుంది.

యాదవ్వ కళ్లు మూసుకునే ఉంది. అలాగే అడిగింది.

"నువ్వు గీ పని శానా ఏండ్లసంది చేస్తున్నవు కదా బిడ్డా. చేతులు చాపే ఫొటోలు తీస్తున్నరు కదా. నా లెక్క నా చేతులే మంచియి కావు అనుకుంట ఇంకెవలన్నా యాడన్నా కూసున్నరా?"

లేదు అవ్వా అనబోయింది ప్రణతి.

పోయిన ఏడాది వానాకాలం. బోథ్ నుంచి వచ్చిన ఆడపిల్ల. చేతికి ఇదే గొట్టం, చాపి తీసిన ఇదే ఎక్స్‌రే. బాగానే పెరుగుతూ, ఒక పొద్దున నాయనమ్మ ఎద మీద పడుకున్నదల్లా తెల్లగా పాలిపోయింది. గుండె నొక్కారు, మందులు ఇచ్చారు, ఏదీ పని చేయలేదు. ఇన్ఫెక్షన్ అయి ఉంటుందని విద్యాధర్ అన్నాడు, అయి ఉంటుందని ప్రణతీ అనుకుంది. సూది గుచ్చి చూడాలని ఆ రోజు ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆ నాయనమ్మ పేరు శంకరవ్వ. బట్టలో చుట్టిన పిల్లను ఆటోలోకి తీసుకుపోతుంటే వెనక్కి వచ్చి, నేను ఎత్తుకున్నందుకేనా అమ్మా అని అడిగింది. ప్రణతి ఆమె వీపు నిమిరి, కాదవ్వా, పిల్ల గుండెనే మంచిగ లేకుండె అని చెప్పి పంపింది.

ఆ పిల్ల గుండె మంచిదే అయి ఉండవచ్చు. ఇన్ని రోజుల్లో ఆ ఆలోచన ప్రణతికి ఒక్కసారీ రాలేదు.

యాదవ్వ కళ్లు తెరిచి ఆమె మొహంలోకి చూసింది. "ఉన్నరా బిడ్డా?" అని మళ్లీ అడిగింది.